రెండెకరాలు అమ్మే ముందు అరెకరం సంగతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఊరు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) దాటాక చేవెళ్ల దారిలో ఉంది, ఈ మధ్యే మునిసిపాలిటీలో కలిసింది. బాపు పేరున రెండెకరాల పట్టా, అందులో ఒక బోరు. అమ్మ పది గుంటల్లో ఆకుకూరలు వేసి తెల్లారగట్ల తీసుకెళ్లి అమ్ముతుంది. చిన్నాయన వేరేవాళ్ల మూడెకరాలు కౌలుకు చేస్తాడు, రెండు బర్రెలున్నాయి. పక్క చేను ప్లాట్ల వెంచర్ అయింది, ఇప్పుడు మీ చేనూ అడుగుతున్నారు. అమ్మితే ఇంట్లోవాళ్ల బతుకుదెరువు ఏమవుతుంది?

ఎకరానికి ఎంత అన్న మాట దగ్గరే అందరూ ఆగిపోతారు. అది పక్కన పెట్టి, ఒక కాగితం మీద ఇంట్లోకి డబ్బు ఎప్పుడెప్పుడు, ఎవరి చేతికి వస్తుందో రాయండి. పత్తి డబ్బు ఏడాదికోసారి బాపు చేతికి. పాల బిల్లు పదిహేను రోజులకోసారి చిన్నాయనకి. ఆకుకూర డబ్బు రోజూ అమ్మకి. పట్నం దగ్గరికొచ్చినప్పుడు పత్తి డబ్బుకు బదులు దొరుకుతుంది. భూమి డబ్బు బ్యాంకులో వేసినా అంతకన్నా ఎక్కువే వస్తుంది. రోజువారీ డబ్బుకే బదులు దొరకదు. అది ఎక్కువగా ఆడవాళ్లది, కౌలుదార్లది, కూలీలది. చెక్కు మాత్రం పట్టాదారు పేరున వస్తుంది. శివారు ఊళ్లలో భూములు కోట్లు పలుకుతున్నా చాలా ఇళ్లల్లో సరుకులకు అప్పు చేయడానికి కారణం ఇదే.

అందుకే నా సలహా ముందే చెప్పేస్తాను. అమ్మాలనుకుంటే ఒకటిన్నర ఎకరం అమ్మండి. బోరు ఉన్న 20 గుంటలు విడదీసి ఉంచుకోండి. ఆ అరెకరం ఎందుకో లెక్కతో చూపిస్తాను.

పది గుంటలంటే 1,210 గజాలు. దాన్ని రెండేసి గుంటల ఐదు మళ్లు చేసి వారానికొకటి చొప్పున విత్తితే, ఐదు వారాలు తిరిగేసరికి మొదటి మడి కోత అయిపోయి మళ్లీ విత్తనానికి సిద్ధంగా ఉంటుంది. తోటకూర 25 నుంచి 30 రోజుల పంట. రెండు గుంటలకు 60 గ్రాముల విత్తనం చాలు, సన్న ఇసుకలో కలిపి చల్లాలి, లేకపోతే గుంపులు గుంపులుగా పడుతుంది. పాలకూర, మెంతి అరకిలో చొప్పున. కొత్తిమీర కూడా అంతే, కానీ ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి విత్తాలి. చదరపు మీటరుకు కిలో వచ్చిందనుకున్నా ఒక్కో మడికి దాదాపు 200 కిలోలు, అంటే రోజుకు 28 కిలోలు. ఒక మనిషి కోసి, కట్టలు కట్టి, స్కూటీ మీద పెట్టుకుని వెళ్లి మధ్యాహ్నంలోపు అమ్ముకోగలిగింది సరిగ్గా అంతే. అమ్మ పని ఆ కొలతలో ఉంది కాబట్టే నడుస్తోంది. పది గుంటలూ ఒకేసారి విత్తినవాళ్లు వెయ్యి కిలోలు ఒకే వారంలో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు మోసుకెళ్లి అక్కడ అడిగిన రేటుకు ఇచ్చి వస్తారు. ఏప్రిల్, మే నెలల్లో కొత్తిమీర సరిగా మొలవదు. ఒక మడి మీద 50 శాతం షేడ్‌నెట్ కట్టుకుంటే, అందరి దగ్గరా కొత్తిమీర లేని ఆ రోజుల్లోనే దానికి రేటు. కోత సాయంత్రం పెట్టుకుని తడి గోనెలో చుట్టాలి, ఎండలో కోసినవి తెల్లారేసరికి వడలిపోతాయి.

మిగిలిన పది గుంటలు బర్రెలకు. పాలిచ్చే బర్రెకు రోజుకు పాతిక నుంచి ముప్పై కిలోల పచ్చిగడ్డి, ఐదారు కిలోల ఎండుగడ్డి కావాలి. దాణా ఒంటికి రెండు కిలోలు, పైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. రెండు బర్రెలకు పచ్చిగడ్డి ఏడాదికి 18 నుంచి 22 టన్నులు. నీళ్లున్న నేలలో సూపర్ నేపియర్ ఎకరానికి ఏడాదికి 80 నుంచి 100 టన్నులు ఇస్తుంది కాబట్టి పది గుంటలకు 20 నుంచి 25 టన్నులు. రెండు బర్రెలకు సరిపోయింది, మూడోదానికి చాలదు. వరుసల మధ్య మూడడుగులు, మొక్కల మధ్య రెండడుగులు పెడితే రెండు కణుపుల ముచ్చెలు (నాటే కాండం ముక్కలు) దాదాపు 1,800 పడతాయి. మొదటి కోత 70, 75 రోజులకు, తర్వాత ప్రతి 45 రోజులకు. కోత ఆలస్యమైతే కాండం కట్టెబారుతుంది, బర్రె ఆకు తిని మిగతాది తొక్కేస్తుంది. వట్టి నేపియరే వేయకుండా అలసంద ఒక సాలు కలపండి.

శివారు ఊళ్లలో పాడి పోయే వరస దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు మేత పోతుంది. పడావు (సాగు లేని) భూములకు కడీలు పాతి గోడలు కట్టాక గట్ల మీద గడ్డి దొరకదు, గడ్డి మోపు కొనాల్సి వస్తుంది. తర్వాత పేడ. చేను ఉన్నప్పుడు ఎరువు, చేను పోయాక చెత్త. చివరికి కాలనీవాళ్ల ఫిర్యాదు. పాల రేటు వల్ల పాడి మానేసినవాళ్లకన్నా పేడ పోసే చోటు లేక మానేసినవాళ్లే ఎక్కువ. ఆ అరెకరం చిన్నాయనకు గడ్డి ఇస్తుంది, ఆయన పేడ అమ్మ మళ్లకు వెళ్తుంది, అదే కాలనీలో పాలు డెయిరీ వెన్నశాతం రేటు కన్నా మంచి ధరకు పోతాయి. మూడూ కలిసి ఉంటేనే నడుస్తాయి. ఒకటి తీసేస్తే మిగతా రెండూ ఎన్నాళ్లో ఉండవు.

ఇక నీళ్లు. ఆకుకూరలకు ఎండ రోజుల్లో రోజుకు నాలుగైదు మిల్లీమీటర్ల నీరు కావాలి, అంటే ఎకరానికి 16 నుంచి 20 వేల లీటర్లు. మీ అరెకరానికి ఎనిమిది, పదివేలు. గంటకు 3,000 లీటర్లు పోసే బోరైతే మూడు గంటల పని. ఇదే నీటిని 5,000 లీటర్ల ట్యాంకర్లలో నింపితే ఎకరం తడిపే నీరు మూడు, నాలుగు ట్యాంకర్లు. ఎండాకాలం కాలనీలకు నీటి కరవు రాగానే ట్యాంకర్ల వాళ్లు గేటు దగ్గరికొస్తారు, ఆకుకూరల కన్నా నీళ్లకే ఎక్కువ ఇస్తారు. చాలామంది అక్కడే పడిపోతారు. వ్యవసాయానికిచ్చిన ఉచిత కరెంటుతో తోడిన నీటిని అమ్మితే కనెక్షన్ దుర్వినియోగం కింద జరిమానా పడుతుంది, నీరు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం కింద అనుమతి వేరే ఉండాలి. అంతకన్నా పెద్ద సంగతి, రోజుకు పది ట్యాంకర్లు తోడిన బోరు చుట్టుపక్కల బోర్లను కూడా ఎండగడుతుంది. ట్యాంకర్ల యాపారం రెండు మూడు ఎండాకాలాలు నడుస్తుంది, తర్వాత ఆ చేలో ఏమీ పండదు. అప్పుడు అమ్మకం తప్ప దారి ఉండదు, ఆ సంగతి కొనేవాడికీ తెలుస్తుంది.

నీటి నాణ్యత కూడా చూసుకోండి. పైన వెంచర్లలో ఇళ్లు లేచాక మురుగు వాగులోకి, అక్కడి నుంచి బావుల్లోకి దిగుతుంది. ఏడాదికోసారి ఎండాకాలం ముందు ఒక లీటరు నీళ్లు పరీక్షకు ఇచ్చి ఈసీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె, డెసిసీమెన్స్/మీటరు) చూడండి. 0.75 లోపుంటే దిగుల్లేదు, 2.25 దాటితే కొత్తిమీర, చిక్కుడు జాతి పంటల ఆకులు అంచులు మాడిపోతాయి, పాలకూర మాత్రం కొంత ఓర్చుకుంటుంది. మురుగు కలిసిందని అనుమానముంటే పచ్చిగా తినే కొత్తిమీర, పుదీన ఆ నీటితో వేయకండి. దిగువన మూసీ ఒడ్డున పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపు రైతులు మురుగునీటి మీద కూరగాయలు తగ్గించి పేరా గడ్డికి మళ్లింది ఊరికే కాదు. ఆ గడ్డి ఉప్పునీ మురుగునీ తట్టుకుంటుంది, నగరంలోని పాడి దానికి సిద్ధంగా ఉన్న మార్కెట్.

బోరు తర్వాత దారి. వెంచర్ రోడ్లు చేను మట్టానికి రెండడుగులు ఎత్తు పోస్తారు. వాన నీరు పారే ఒర్రె పూడిపోతే ఆగస్టులో మీ మళ్లు చెరువవుతాయి. బండ్లబాటకు అడ్డంగా గోడ పెడితే ట్రాక్టరు రాదు, బర్రెలు నడవవు. ఊరి నక్షాలో బండ్లబాట, ఒర్రె గీసి ఉంటాయి. ఆ నక్షా కాపీ సర్వే ఆఫీసు నుంచి ఇప్పుడే తెచ్చుకుని, బాట, ఒర్రె ఉన్నవి ఉన్నట్టు ఫోటోలు తీసి పెట్టుకోండి. గోడ లేచాక తహశీల్దారు దగ్గర నడిచే వాదనంతా ఆ కాగితం మీదే. గోడ లేవకముందు అర్జీ ఇచ్చినవాళ్లకు పని అవుతుంది, తర్వాత ఇచ్చినవాళ్లు కోర్టుకు తిరుగుతారు.

చిన్నాయన సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో ముందు దెబ్బ తగిలేది ఆయనకే. పెట్టుబడికి భూమి కొన్నవాళ్లు దాన్ని కౌలుకివ్వరు. 1950 నాటి కౌలుదారీ చట్టం, రక్షిత కౌలుదార్ల కేసులు ఈ ప్రాంతంలో ఇంకా నలుగుతూనే ఉన్నాయి కాబట్టి, దున్నేవాడు రేపు హక్కు అడుగుతాడన్న భయం. అందుకే నీళ్లుండి కూడా వందల ఎకరాలు పడావు పడి ఉంటాయి. 2020లో వచ్చిన పట్టా పాసుబుక్కుల చట్టంతో (2025లో దాని స్థానంలో భూభారతి చట్టం వచ్చింది) రికార్డులో సాగుదారు కాలమ్ పోయింది. ఎకరానికి సీజన్‌కు 6,000 రూపాయల రైతు భరోసా పెట్టుబడి సాయం పట్టాదారుకే వెళ్తుంది. చిన్నాయన సాగు చేస్తున్నట్టు ప్రభుత్వ కాగితం ఏదీ లేదన్నమాట. దాన్ని ఆయనే తయారు చేసుకోవాలి. విత్తనాలు, మందుల బిల్లులు తన పేరున రాయించుకోవాలి. మార్కెట్‌లో తక్‌పట్టీ (అమ్మిన సరుకు చీటీ) తన పేరున తీసుకోవాలి. ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) పంట నమోదుకు వచ్చినప్పుడు దగ్గరుండాలి. కౌలు డబ్బు ఫోన్‌లో పంపాలి, నోట్లు ఇవ్వకూడదు. పాల కేంద్రం పుస్తకం దాచుకోవాలి.

ఇదంతా దేనికంటే, ప్రభుత్వం రోడ్డుకో, ప్రాజెక్టుకో భూమి సేకరిస్తే 2013 భూసేకరణ చట్టంలో నష్టపోయిన కుటుంబం అంటే పట్టాదారు ఒక్కడే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే పనిచేసి బతికిన కౌలుదారు, పంటలో వాటాకు (పాలుకు) చేసేవాడు, వ్యవసాయ కూలీ, చేతివృత్తివాడు కూడా అందులోకి వస్తారు. రెండో షెడ్యూల్ ప్రకారం ఉద్యోగం, లేదా 5 లక్షలు ఒకేసారి, లేదా 20 ఏళ్ల పాటు నెలకు కనీసం 2,000. ఈ మూడేళ్ల రుజువు లేకే చాలామంది జాబితాలోకి ఎక్కలేదు. ఆర్‌ఆర్‌ఆర్ (రీజనల్ రింగ్ రోడ్డు) లాంటి జాతీయ రహదారి సేకరణలకూ ఈ షెడ్యూళ్లు వర్తిస్తాయి. ప్రైవేటు అమ్మకంలో మాత్రం కౌలుదారుకు ఏమీ రాదు. ఆ మూడెకరాల ఆసామి అమ్మబోతుంటే, కొనేవాడితో రాసుకునే కాగితంలో "చేతిలో ఉన్న పంట కోసుకునే దాకా" అన్న ఒక్క వాక్యం పెట్టించమని అడగండి. అడిగితే ఎక్కువమంది కాదనరు. అడగకపోతే పంట మీదే జేసీబీ దిగుతుంది.

ఊరు మునిసిపాలిటీ కావడంతో ఏం మారిందో ఊళ్లో ఎవరూ ముందుగా చెప్పరు. 2024 సెప్టెంబరులో ఓఆర్‌ఆర్ చుట్టూ 51 గ్రామ పంచాయతీలను పక్క మునిసిపాలిటీల్లో కలిపారు. ఉపాధి హామీ గ్రామీణ ప్రాంతానికే కాబట్టి ఆ పని ఆగిపోతుంది. భూమి లేని కూలీలకు ఏడాదికి 12,000 అని 2025 జనవరిలో మొదలైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసాకు ఉపాధి హామీలో 20 రోజులు పనిచేసి ఉండాలన్న షరతు పెట్టారు. ఒకటి పోతే రెండోదానికీ ఎసరు. మహిళా సంఘం ఐకేపీ (గ్రామాల పేదరిక నిర్మూలన పథకం) నుంచి మెప్మా (పట్టణాల పేదరిక నిర్మూలన సంస్థ) కిందికి మారుతుంది. ఆ మార్పులో అప్పు ఖాతా, పొదుపు ఖాతా, తీర్మానాల పుస్తకం మూడూ సరిచూసుకోకపోతే కొత్త లోను నెలల తరబడి ఆగుతుంది.

మునిసిపాలిటీతో కలిసొచ్చేది ఒకటుంది. అమ్మ వీధి వ్యాపారి కింద నమోదు చేసుకోవచ్చు. అమ్మకపు సర్టిఫికెట్ గానీ సిఫారసు లేఖ గానీ మునిసిపాలిటీ నుంచి తీసుకుంటే పీఎం స్వనిధి కింద పూచీకత్తు లేకుండా మొదట 15,000, అది తీర్చాక 25,000, తర్వాత 50,000 వస్తుంది. వాయిదాలు సమయానికి కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ. మేత బస్తాలు, షేడ్‌నెట్, తూకం యంత్రం కొనడానికి వడ్డీ వ్యాపారి కన్నా ఇది ఎన్నో రెట్లు నయం. 1999లో మొదలైన రైతు బజార్లలో కూర్చోవాలంటే గుర్తింపు కార్డు కావాలి. ఆ కార్డు భూమి, పంట చూసి ఇస్తారు. రెండెకరాలూ అమ్మేస్తే మెహిదీపట్నం రైతు బజార్‌లో కూర్చునే హక్కుకు ఆధారమే పోతుంది. అరెకరం ఉంచమనడానికి ఇదీ ఒక కారణం.

చోటు విషయంలో ఒక మాట. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పులో మర్రిచెట్ల గురించి చాలా మాట్లాడారు. ఆ నీడన మక్కకంకులు, సీతాఫలాలు, ఆకుకూరలు పెట్టుకుని కూర్చున్నవాళ్ల గురించి తక్కువ మాట్లాడారు. మధ్యలో డివైడర్ పడి బండ్లు ఎనభైలో పోయే రోడ్డు మీద ఎవరూ ఆగరు. యూటర్న్ దగ్గర, సర్వీసు రోడ్డు మొదట్లో, కాలనీ గేటు పక్కన చోటు ఇప్పుడే అలవాటు చేసుకోవాలి. రోడ్డు పూర్తయ్యాక ఆ చోట్లకు పోటీ ఉంటుంది.

అమ్మకం దగ్గరికొస్తే కొన్ని చెప్పి ముగిస్తాను. ఎకరం 4,840 గజాలు. రోడ్లు, పార్కు పోగా ప్లాట్లుగా మిగిలేది దాదాపు 2,400 నుంచి 2,800 గజాలు. అమ్మకుండా ప్లాట్లలో వాటాకు డెవలప్‌మెంట్‌కు ఇస్తే మీ వాటా గజాలను ఈ అంకెతో పోల్చండి, 4,840తో కాదు. అనుమతి కోసం కొన్ని ప్లాట్లు తనఖా పెడతారు, మీ వాటా ఆ ప్లాట్లలో పడకుండా నంబర్లతో సహా రాయించుకోండి. ఊరు 111 జీవో (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు తెచ్చినది) కింది 84 గ్రామాల్లో ఉందేమో చూసుకోండి. అక్కడ రేటు మాట వేరు, లేఅవుట్ అనుమతి మాట వేరు. ఆడబిడ్డల సంతకాలు లేకుండా అమ్మితే కొనేవాడికీ మీకూ కోర్టే దిక్కు. భూమిలో ఏ ముక్కయినా అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు పంచిన భూమి) అయితే 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు, ఎంత చిన్న బయానా (అడ్వాన్సు) అయినా పుచ్చుకోకండి.

బయానా నగదుగా 20,000 లేదా అంతకు మించి తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానా పడొచ్చు. చెక్కు గానీ బ్యాంకు బదిలీ గానీ అడగండి. వ్యవసాయ భూమికి పన్ను లేదన్న మాట మీ విషయంలో పూర్తిగా నమ్మకండి. పది లక్షలు దాటిన జనాభా ఉన్న నగర హద్దు నుంచి 8 కిలోమీటర్లలోపు, అదీ గాలిలో గీత గీసి కొలిచిన దూరంలో ఉంటే మూలధన లాభాల పన్ను ఉంటుంది. మునిసిపాలిటీ హద్దులోనే ఉన్న భూమికి, ఆ పట్టణ జనాభా పదివేలు దాటితే, దూరంతో పని లేదు. హద్దులు జరిగేకొద్దీ ఆ 8 కిలోమీటర్లు కూడా జరుగుతాయి. పాత తరం భూమి అయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, అది ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. రెండేళ్లుగా సాగులో ఉన్న భూమి అమ్మి, రెండేళ్లలోపు వేరే వ్యవసాయ భూమి కొంటే ఆ మేరకు మినహాయింపు ఉంది. రిటర్ను గడువులోగా కొనలేకపోతే డబ్బు మూలధన లాభాల ఖాతాలో వేయాలి, మామూలు ఎఫ్‌డీలో వేస్తే లెక్కకు రాదు. కొత్త భూమిని మూడేళ్లలోపు అమ్మితే మినహాయింపు పోతుంది. సంతకానికి ముందే ఒక ఆడిటరుకు చూపించండి.

ఆ డబ్బుతో టిప్పరో జేసీబీయో కొనాలని కుర్రాళ్లకు ఉంటుంది. వెంచర్లు నడిచినన్నాళ్లు బాగానే ఉంటుంది, పని ఆగిన నెల కూడా ఈఎంఐ ఆగదు. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ పనుల్లో చేరేవాళ్లు మొదటి నెలలోనే పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరు, ఈఎస్‌ఐ (ఆరోగ్య బీమా) నంబరు అడిగి రాసుకోవాలి. నెల జీతం 21,000 లోపు ఉండి, సంస్థలో పదిమందో అంతకు మించో ఉంటే ఈఎస్‌ఐ రావాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పేరు స్పెల్లింగు తప్పుతో కొత్త యూఏఎన్ తెరుస్తారు, పాత పీఎఫ్ అందులోకి రాదు. పాత నంబరే ఇవ్వాలి.

బోరు చేనులో ఏ మూల ఉంది, బండ్లబాట ఏ వైపు నుంచి వస్తుంది, ఒర్రె ఎటు పారుతుంది, ఈ మూడూ రాయండి. ఏ 20 గుంటలు విడదీసి సర్వే స్కెచ్ వేయించాలో దాన్ని బట్టి చెప్పొచ్చు. అప్పటిదాకా ఎవరి బయానా పట్టకండి.